ముందు నడిచేదాని మేత

మాంసం కొట్టాయన మేకని కళ్ళతో చూడడు, చేత్తో చూస్తాడు. నడుం మీద అరచెయ్యి ఆనించి, వెన్ను పక్కన బొటనవేలితో నొక్కి, తల ఊపడమో పెదవి విరవడమో చేస్తాడు. ఆ రోజు మా దొడ్డిలో సగం పిల్లలకి తల ఊపాడు, సగం పిల్లలకి పెదవి విరిచాడు. చివరికి చెయ్యి ప్యాంటుకి తుడుచుకుంటూ, "ఇవి రెండిళ్ళ మేకలామ్మా?" అని అడిగాడు.

"ఒక్క ఇంటివే. ఒక్క తొట్టిలోనే తింటాయి," అన్నాను.

"అలా లేవే. ఇవి పెళ్ళి నుంచి వచ్చినట్టున్నాయి, అవి ఆస్పత్రి నుంచి వచ్చినట్టున్నాయి."

నాకు ఒళ్ళు మండింది. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ దొరకనందుకు ఇంకాస్త మండింది. అన్నీ మా మందలో ఒకే కాలంలో పుట్టిన పోతుపిల్లలు. అమ్మకానికని పెంచుతున్నవి. వాటిలో సగం నిగనిగలాడుతున్నాయి, సగం డొక్కలెండి నిలబడ్డాయి. మేత ఒక్కటే, నీళ్ళు ఒక్కటే, చాకిరీ చేసేది నేనొక్కదాన్నే.

అతనికి సగం సగం బేరం పనికిరాదు. కొట్టుకి రోజూ హోటళ్ళవాళ్ళు వస్తారు, వాళ్ళకి ఎప్పుడు అడిగినా ఒకేలాంటి మాంసం కావాలి. పిల్లలన్నీ ఒక తీరుగా ఉంటే మొత్తం తీసుకుంటాడు, విడత విడతకీ మా దగ్గరికే వస్తాడు. లేకపోతే వేరే దొడ్డి వెతుక్కుంటాడు. "వానలు తగ్గాక మళ్ళీ వస్తాను. అప్పటికి ఇవీ అవీ ఒకటైతే సరే. లేదంటే ఏమనుకోకండి," అని చెప్పి వెళ్ళిపోయాడు.

మా ఆయన గేటు దగ్గర నిలబడి ఇదంతా విన్నాడు. ఆయన సరుకుల వ్యాను నడుపుతాడు, ఇంట్లో ఉండేది తక్కువ. ఇంటి వెనక స్థలం వైపు ఒక చూపు చూశాడు. అక్కడ నేను గడ్డీ అలసందా పక్కపక్కన సాళ్ళు వేసి పెంచుతున్నాను. అవతలి గోడ టైల్స్ కొట్టువాళ్ళ గోదాముది. ఆ స్థలం అద్దెకి ఇవ్వమని వాళ్ళు మా ఆయన చెవిలో జోరీగలా రొద పెడుతున్నారు.

"ఇంకొక్క విడత చూద్దాం," అన్నాడు కాళ్ళు కడుక్కుంటూ. "అప్పటికీ కాకపోతే స్థలం వాళ్ళకిచ్చేసి మేకల్ని అమ్మేద్దాం. నువ్వు మళ్ళీ కుట్టుపనికి పోవచ్చు."

నాకేదో మేలు చేస్తున్నట్టే అన్నాడు. ఆయన నెమ్మదస్తుడు, ఆ నెమ్మదే నన్ను చంపుతుంది.

కుట్టుపని అంటే ఏమిటో ఆయనకి తెలియదు. ఆ షెడ్డులో నేను ఏళ్ళ తరబడి కాలర్లు కుట్టాను. చొక్కా మొత్తం ఎలా ఉంటుందో ఏనాడూ చూడలేదు, కాలర్లే. బాత్రూంకి పోవాలంటే చెయ్యెత్తాలి, సూపర్‌వైజరమ్మ తల ఊపితే లేవాలి, ఊపకపోతే బిగబట్టుకు కూర్చోవాలి. ముప్ఫయ్యేళ్ళు దాటిన ఆడదాన్ని, ఒకళ్ళ తల వైపు చూస్తూ కూర్చోవడం. నడుం పోయి, సూదిలో దారం ఎక్కించడానికి కళ్ళు సహకరించక మానేశాను. ఇప్పుడీ గడ్డి నాది, ఈ మేకలు నా చేతి కింద పెరుగుతున్నాయి. మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోమంటే నేను కూర్చోను. కూర్చోకుండా ఉండాలంటే ఈ పిల్లలన్నీ ఒక తీరుకి రావాలి. అంతే సంగతి.

మేత లెక్క సులువే. పశువుల డాక్టరు గోడకి ఆనుకుని నిలబడి ఒక్క ముక్కలో చెప్పేశాడు. గడ్డి ఒక్కటే పెడితే మేక బతుకుతుంది గానీ కండ పట్టదు. అలసంద, పిల్లిపెసర లాంటి పప్పుజాతి తీగ ఒక్కటే పెడితే కడుపు ఉబ్బుతుంది. రెండు పాళ్ళు గడ్డికి ఒక పాలు తీగ కలిపి, కాస్త వాడనిచ్చి, మిషన్లో ముక్కలు కొట్టి పెడితే కడుపుకి కడుపూ నిండుతుంది, ఒంటికి కండా పడుతుంది. ఆయన చెప్పి వెళ్ళిపోయాడు. మేకకి ఎవరు చెప్పాలి?

మేక పెదవులంత చురుకైన వేళ్ళు మా కుట్టు షెడ్డులో కూడా ఎవరికీ లేవు. మీరు ఎంత కలిపి పెట్టండి, అది ఆకుని ఏరుకుని తిని కాడని వదిలేస్తుంది. తొట్టి దగ్గరికి తిరిగి వచ్చేసరికి గడ్డి కాడలు నన్ను చూసి నవ్వుతూ ఉండేవి.

కొట్టాయన వెళ్ళిన మర్నాటి నుంచి నేను చెయ్యని పని లేదు. ముక్కలు ఇంకా సన్నగా కొట్టాను. ఉప్పునీళ్ళు చల్లి కలిపాను. తొట్టి పొడుగు పెంచాను, అందరికీ చోటు ఉంటుందని. తీగని కట్టలు కట్టి దూలానికి వేలాడదీశాను. నులిపురుగుల మందు రెండోసారి పట్టించాను. బలిసినవి ఇంకా బలిశాయి, ఎండినవి ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

"పోనీ ఆ బక్కవి జాతే అంతేమో," అన్నాడు మా ఆయన.

"జాతి అంతే అయితే వాటి అన్నదమ్ములు అలా ఎందుకున్నాయి?"

"మా అన్న లేడూ, వాడూ నేనూ ఒక్క తల్లి పిల్లలమే."

ఆ మాటకి నవ్వు రావలసింది. నాకు ఏడుపొచ్చింది.

ఉక్రోషంలో ఒక ఉదయం ఒక తప్పు పని చేశాను. బక్కవాటిని నాలుగింటిని పట్టుకొచ్చి వెనక స్థలంలో గుంజకి కట్టి, అప్పుడే కోసిన అలసంద తీగ, మంచు తడి కూడా ఆరకముందే, వాటి ముందు కుప్పగా పోశాను. తినండి, ఇవాళ మీకు అడ్డు ఎవరు వస్తారో చూస్తాను అనుకున్నాను. ఆవురావురుమని తిన్నాయి. చూస్తుంటే నా కడుపు నిండింది. ఎండ ఎక్కేసరికి వాటిలో చిన్నది ఎడమ డొక్క ఉబ్బి, కాళ్ళు ఎడంగా పెట్టి, మూలగడం మొదలుపెట్టింది. చెయ్యి వేస్తే బిగించిన తోలులా ఉంది. నూనె తాగించి, ముందు కాళ్ళు ఎత్తులో నిలబెట్టి, డొక్క రుద్దుతూ, నడిపిస్తూ మధ్యాహ్నం దాకా దానితో పాటు నేనూ మూలిగాను. అది ఆఖరికి గట్టిగా తేన్చింది. అంత కంపు గాలి పీల్చుకుని అంత సంతోషపడ్డ మనిషి ఇంకొకరు ఉండరు.

"ఖాళీ కడుపున్న దానికి తడి అలసంద పోస్తారా ఎవరైనా," అంది మా అత్త, స్టూలు మీద నుంచి లేవకుండానే.

మా అత్త సంగతి చెప్పాలి. ఆవిడ మేకల మనిషి. కాపరానికి వచ్చిన దగ్గర్నుంచి మోకాళ్ళు అరిగేదాకా మందతోనే తిరిగింది. అప్పట్లో ఊరి చుట్టూ బయలు ఉండేది. ఇప్పుడు ఎటు చూసినా కంచెలు, గోడలు, గోదాములు. అత్త మోకాళ్ళూ ఆ బయలూ దాదాపు ఒకేసారి అయిపోయాయి. అందుకే మేకల్ని దొడ్లోనే ఉంచి మేపడం మొదలుపెట్టాం. కోసేది, వాడ్చేది, మిషన్లో కొట్టేది, తొట్టి నింపేది నేను. ఆవిడకి మిగిలింది ఒక్క పని. నేను తొట్టి నింపి రెండో మోపు కొట్టడానికి వెనక్కి వెళ్ళాక, స్టూలు మీద కూర్చుని, లోపలి పాక తలుపు గడియ కర్రతో తీసి, మేకల్ని తొట్టి మీదికి వదలాలి. ఆ పని మాత్రం ఎవర్నీ ముట్టనివ్వదు.

మందకి ఒక పెద్ద మేక ఉంది. నల్లటిది, ముసలిది, ఒక కొమ్ము సగం విరిగింది. దానికి మా ఆయన మేస్త్రి అని పేరు పెట్టాడు. బయట తిరిగిన రోజుల్లో అదే ముందు నడిచేదట. అత్త నాలుక అంగిలికి తాటించి టక్కుమనిపించిందంటే ఎంత దూరంలో ఉన్నా తల తిప్పి వచ్చేది. దొడ్లో కూడా దాని దర్పం తగ్గలేదు. నీళ్ళ తొట్టి దగ్గరికి అది వస్తే మిగతావి తప్పుకునేవి. దాని చుట్టూ కొన్ని పోతుపిల్లలు ఎప్పుడూ భజన చేస్తూ తిరిగేవి.

ఒక రోజు ఉదయం రెండో మోపు సగం కొట్టానో లేదో మిషన్ బెల్టు తెగింది. ఆ తెగిన బెల్టు పట్టుకుని, ఎవర్ని తిట్టాలో తెలియక, ఎప్పుడూ రాని వేళ దొడ్లోకి వచ్చాను.

పాక తలుపు సగం తెరిచి ఉంది. సందుకి అడ్డంగా అత్త కర్ర ఉంది. కర్ర వెనక బక్కపిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి అరుస్తున్నాయి. ఇవతల తొట్టి పొడుగునా మేస్త్రీ, దాని భజన బృందమూ తాపీగా నిలబడి ఆకులు ఏరుకుంటున్నాయి. నేను సన్నగా కొట్టిన ముక్కల్లో కూడా పచ్చటిది వెతికి, గడ్డిని మూతితో పక్కకి తోసి. అత్త వాటిని మురిపెంగా చూస్తోంది.

నేను తొట్టి పొడుగు పెంచింది ఇందుకన్నమాట. ఆ కొసనుంచి ఈ కొస దాకా హాయిగా షికారు చేస్తూ తినడానికి.

"ఏం చేస్తున్నావత్తా?" అన్నాను.

"కనబడటం లేదా? మేపుతున్నా."

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"నువ్వు పుట్టకముందు నుంచి."

బెల్టు నేలకేసి కొట్టాను. మేకలు ఉలిక్కిపడ్డాయి, అత్త ఉలిక్కిపడలేదు. "కంచే చేను మేస్తే ఇంక నేనెవరికి చెప్పుకోను?" అన్నాను. "నేను అక్కడ నడుం విరిగేలా తీగ కోస్తుంటే, నువ్వు ఇక్కడ కూర్చుని దీనికి విందు చేస్తున్నావా? ఆకంతా ఇవి తిన్నాక ఆ బక్కవాటికి మిగిలేది కాడలేగా. కొట్టాయన అన్న మాట నువ్వూ విన్నావు కదా. నా బతుకు దాని మీద ఉందని నీకు తెలియదా?"

"అరవకు. పశువులు బెదురుతాయి," అంది. కర్ర తియ్యలేదు. "ముందు నడిచేదాని కడుపు నిండితేనే అది నిమ్మళంగా నడుస్తుంది. అది నిమ్మళంగా నడిస్తేనే మంద దాని వెనక ఉంటుంది. ఆకలితో ఉంచావా, కనపడిన పొదకల్లా పరిగెడుతుంది, మంద చెదిరిపోతుంది. అందుకే దానికి ముందు పెట్టాలి, మిగతావి అది తినడం చూడాలి. మా అత్త నాకు నేర్పింది ఇదే. దీంతోనే ఇన్నాళ్ళూ ఒక్క మేకని పోగొట్టుకోకుండా తిప్పుకొచ్చాను."

"ఎక్కడికి నడుస్తాయత్తా ఇప్పుడు?" అన్నాను. నా నోరు నా మాట వినే స్థితిలో లేదు. "ఈ గోడ నుంచి ఆ గోడకా? బయలెక్కడుంది? నడవడానికి కాళ్ళెక్కడున్నాయి?"

మేకల గురించే అన్నాను. కానీ ఆవిడ చెయ్యి మోకాలి మీదికి వెళ్ళింది. కర్ర గోడకి ఆనించి, స్టూలు పట్టుకుని లేచి, ఒక్కో అడుగూ వేసుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. అడ్డు తొలగగానే బక్కవన్నీ తొట్టి మీద పడ్డాయి. మేస్త్రి తల విసిరి వాటిని చెదరగొట్టింది.

ఆ రోజే విరిగిన తలుపులూ పాత చెక్కలూ తెచ్చి దొడ్డిని రెండుగా చేశాను. మా ఆయన వచ్చి మేకులు కొట్టాడు. బక్కపిల్లలు ఒక పక్క. మేస్త్రీ, బలిసినవీ, తల్లులూ ఇంకో పక్క. బక్కవాటికి వాడిన తీగ ఒక చెయ్యి ఎక్కువ కలిపి ముందు పెట్టడం, బలిసినవాటికి గడ్డి ఎక్కువ వేసి తర్వాత పెట్టడం. తలుపు గడియ కూడా నేనే తీసేదాన్ని.

అత్త నాతో మాట్లాడటం మానేసింది. మానేసిందంటే పూర్తిగా కాదు, మేకల ద్వారా చెప్పించేది. నేను పక్కనే ఉన్నా మేస్త్రి వైపు తిరిగి, "నీళ్ళు అయిపోయాయని చెప్పవే మీ అమ్మగారికి," అనేది. నేను చీపురుతో ఊడుస్తూ, "వినబడిందని చెప్పవే మీ పెద్దమ్మగారికి," అనేదాన్ని. మేస్త్రి నెమరు వేస్తూ మా ఇద్దరినీ సమానంగా పట్టించుకునేది కాదు.

"ఆ మేక జీతం అడుగుతుంది ఇలా అయితే," అన్నాడు మా ఆయన. ఇద్దరం ఒకేసారి ఆయన మీద విరుచుకుపడ్డాం. ఆ పూట మాత్రం కాస్త మాటలు కలిశాయి.

బక్కపిల్లలు తేరుకున్నాయి. మొదట కళ్ళల్లో తెలిసింది, తర్వాత వెంట్రుకల మెరుపులో, ఆ తర్వాత నా బొటనవేలి కింద. కొట్టాయన నొక్కినట్టే రోజూ వెన్ను పక్కన నొక్కి చూసేదాన్ని. ఎముక తగిలే చోట మెత్తగా కండ తగలడం మొదలైంది. ఉబ్బిన ఆ చిన్నది కూడా పుంజుకుంది. తినేది మాత్రం చెక్కల సందులోంచి మేస్త్రిని చూస్తూనే తినేది. ఇన్నాళ్ళూ తన మేత తిన్నది అదేనని ఆ పిచ్చిదానికి తెలియదు. మిగతావీ అంతే. మేస్త్రి లేస్తే ఇటు పక్కవి కూడా లేచేవి, అది పడుకుంటే పడుకునేవి. ఆ భక్తి చూస్తే నాకు చిరాకేసేది.

వానలు తగ్గాక మాంసం కొట్టాయన వచ్చాడు. ఒక్కోదాని నడుం మీదా చెయ్యి వేశాడు. తల ఊపుతూనే వెళ్ళాడు, చివరిదాకా. పెదవి విరవలేదు.

"ఇప్పుడు ఒక్క ఇంటి పిల్లలమ్మా," అన్నాడు. "మొత్తం తీసుకుంటాను. రేపు ఉదయం మీ వ్యానులోనే కబేళాకి దించండి. అక్కడ డాక్టరు పొద్దున్నే ఒక్కసారి చూసి పంపుతాడు, ఆ వేళ దాటితే ఆ రోజుకి లేనట్టే. హోటళ్ళకి మాటిచ్చేస్తున్నాను. మీరు ఆ వేళకి చేర్చగలిగితే ఇక ప్రతి విడతా మీ దగ్గరే."

ఆ సాయంత్రం మా ఆయన టైల్స్ కొట్టువాళ్ళకి స్థలం ఇవ్వడం లేదని నా ఎదుటే ఫోన్లో చెప్పాడు. నేను గడ్డి సాళ్ళ మధ్య నిలబడి విన్నాను. ఎంత సంతోషం వేసిందంటే, అలసంద మొక్కలకి కూడా చెప్పాలనిపించింది.

మర్నాడు తెల్లవారగానే వ్యాను వెనక్కి తిప్పి దొడ్డి గేటుకి ఆనించి, పైకెక్కడానికి ఏటవాలుగా చెక్క పలక వేశాడు. కొట్టాయన కూడా వచ్చాడు. నేను పోతుపిల్లలున్న రెండు వైపుల తలుపులూ తీశాను, తల్లుల్నీ మేస్త్రినీ లోపలి పాకలో పెట్టి.

ఒక్కటి కదల్లేదు.

కదలకపోవడం నా తప్పే. అవి పుట్టిన దగ్గర్నుంచీ గోడ దాటి ఎరగవు. పలకనీ బండినీ చూసి, మూలకి పోయి, ఒకదాని కడుపు కింద ఒకటి తల దూర్చి ముద్దగా నిలబడ్డాయి. బక్కెట్టులో మేత చూపించాను. మెడలు చాచాయి గానీ కాళ్ళు కదపలేదు. వెనక నుంచి తోస్తే పక్కకి చీలి అటు పరిగెత్తాయి, అటు అడ్డుకుంటే ఇటు. మా ఆయన ఒకదాన్ని ఎత్తి బండిలో వేస్తే, రెండోదాన్ని తెచ్చేలోగా మొదటిది దూకి మళ్ళీ మూలకి చేరింది. ఆయన చొక్కా జేబు చిరిగింది. నాకు తల ప్రాణం తోకకి వచ్చింది.

"లాగకండి, విసరకండి," అన్నాడు కొట్టాయన. "దెబ్బ తగిలిన చోట మాంసం కమిలిపోతుంది. కమిలింది నేను తీసుకోను." తర్వాత ఆకాశం వైపు, గేటు వైపు, మళ్ళీ ఆకాశం వైపు చూశాడు. "వేళ దాటుతోందమ్మా. ఇంకాసేపు చూసి నేను వేరే దొడ్డికి ఫోన్ చేసుకుంటాను. ఏమనుకోకండి."

ఆ "ఏమనుకోకండి" నా చెవిలో కుట్టుమిషన్లా తిరిగింది. ఇంత పెంచి, ఇంత కండ పట్టించి, ఇంత దగ్గరికి వచ్చాక, నాలుగడుగుల చెక్క దగ్గర ఆగిపోవడం. పిల్లల మధ్యలో నిలబడి అరిచాను, బతిమాలాను, ఆఖరికి ఏడ్చాను. కళ్ళు తుడుచుకుని చూసేసరికి అత్త స్టూలు దగ్గర నిలబడి ఉంది.

మేస్త్రితో కాదు, నాతోనే అంది. "తప్పుకో. బక్కెట్టు పక్కన పెట్టు. అరవకు."

లోపలి పాక గడియ తీసింది. మేస్త్రి ఒక్కటే బయటికి వచ్చింది. అత్త అలసంద తీగ గుప్పెడు తీసుకుని, గోడ పట్టుకుంటూ, వ్యాను చుట్టూ తిరిగి పక్క తలుపు దగ్గరికి వెళ్ళింది. అది తెరిపించి, తీగ లోపలికి చాచి, నాలుక తాటించింది.

మేస్త్రి పలక వాసన చూసింది. ముందు కాలు పెట్టింది. మళ్ళీ నాలుక చప్పుడు వినబడింది. అది మెల్లగా, నిమ్మళంగా, వెనక ఏముందో ఒక్కసారి కూడా చూడకుండా పలక ఎక్కింది. మూలలో ముద్ద విడిపోయింది. మొదట దాని భజన బృందం కదిలింది, దాని వెనక బక్కగా ఉండి బలిసినవి కదిలాయి. ఒకదాని తోక వెనక ఒకటి, తోసుకోకుండా, ఎవరో నేర్పినట్టు ఎక్కేశాయి. ఉబ్బి బతికిన చిన్నది అందరికంటే చివర ఉంది, అందుకని పరిగెత్తింది. కొట్టాయన నోరు తెరుచుకుని చూస్తున్నాడు. మా ఆయన వెనక తలుపు వేసేశాడు.

అత్త పక్క తలుపులోంచి మేస్త్రిని కిందికి దింపి, వెంటనే తలుపు వేయించింది. దాన్నొక్కదాన్నే. అది తీగ నముల్తూ నాలుగడుగులు వేసి, వెనక ఎవరూ లేరని తెలిసి ఆగింది. వ్యాను వైపు తిరిగి పిలిచింది. లోపల్నుంచి అన్నీ ఒక్కసారి బదులు పలికాయి.

"నువ్వడిగావు కదా, ఎక్కడికి నడుస్తాయని," అంది అత్త.

నేను వంగి చెక్క పలక పక్కకి లాగాను.

"భలే మేక పెద్దమ్మా," అన్నాడు కొట్టాయన బండెక్కుతూ. "దీన్ని మాత్రం అమ్మకండి. వచ్చే విడతకి కూడా కావాలి."

"వచ్చే విడతకి ఇది రాదు," అంది అత్త. కొట్టాయన నవ్వాడు, హాస్యమనుకుని. వ్యాను వేళకే చేరింది. బేరం నిలిచింది.

ఆ రోజంతా ఇల్లు ఊడవడం, పాత్రలు తోమడం తప్ప నాకు ఏ పనీ తోచలేదు. గెలిచినదాన్ని కదా, తిని పడుకోవచ్చు. అన్నం దిగలేదు. కోపం వస్తోంది, ఎవరి మీదో తెలియడం లేదు. మాంసానికే పెంచాను, మాంసానికే పంపాను, ఇందులో మోసమేముంది అని నాకు నేనే వాదించుకున్నాను. మేస్త్రి మాత్రం ఎప్పటిలాగే ఆకులు ఏరుకుని తిని, కాడలు వదిలేసి పడుకుంది. మేకకి ఏం తెలుస్తుంది. తెలిసినవాళ్ళం మేమిద్దరమే.

సాయంత్రం అత్త స్టూలు పక్కన నేల మీద కూర్చున్నాను. ఆవిడ మోకాలికి నూనె రాసుకుంటోంది. గిన్నె నా చేతిలోకి తీసుకుని నేను రాశాను. వద్దనలేదు.

"అది నన్ను నమ్మి ఎక్కింది," అంది. "పిల్లలు దాన్ని నమ్మి ఎక్కాయి. ఇన్నేళ్ళూ దానికి ముందు పెట్టింది మందని చెదరకుండా ఇంటికి తీసుకురావడానికి, పంపడానికి కాదు. నీ కోసం ఒకసారి చేశాను. ఇంక నాచేత చేయించకు."

"మరి ఎలా ఎక్కించను అత్తా? నా వల్ల కాలేదు, నువ్వే చూశావుగా."

"నీ చేత్తో మేత ఎప్పుడు తిన్నాయని? తొట్టిలో పోసి వెళ్ళిపోతే అవి తొట్టి వెంటే వస్తాయి, నీ వెంట ఎందుకొస్తాయి? పాలు మానే పిల్లలున్నాయి కదా. వాటికి మొదటి గుప్పెడు నీ చేత్తో పెట్టు. ముందు నువ్వు నడువు."

మర్నాడు మా ఆయన చేత ఒక చెక్క పలక దొడ్లోనే ఏటవాలుగా వేయించాను. పైన తీగ పెట్టడానికి ఒక అరుగు. పాలు మానుతున్న పిల్లలు తల్లుల దగ్గర్నుంచి ఒక్కొక్కటే వచ్చి నన్ను వాసన చూశాయి. వాటిలో ఒకటి నా అరచేతిలో ఆకు అయిపోయాక చెయ్యి నాకింది. గరుకు నాలుక, వెచ్చగా ఉంది. గుప్పిట్లో ఇంకా తీగ ఉందేమోనని వేళ్ళ సందుల్లో వెతికింది.

నేను లేచి నాలుక తాటించాను. మొదట రాలేదు, రెండోసారి అత్త తాటించినట్టే వచ్చింది. పలక ఎక్కాను. వెనక చెక్క మీద చిన్న చిన్న డెక్కల చప్పుడు మొదలైంది, ఒకటి, ఇంకొకటి, తర్వాత అన్నీ. ఎన్ని వస్తున్నాయో చూద్దామని తల తిప్పబోయాను.

"వెనక్కి చూడకు," అంది అత్త స్టూలు మీద నుంచి. "ముందు నడిచేది వెనక్కి చూస్తే ఆగిపోతాయి."

నేను చూడలేదు. గుప్పిట్లో అలసంద పట్టుకుని ముందుకే నడిచాను.